పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా: ఏ పరీక్ష మేలు?

ప్లేస్‌మెంట్ పరీక్షలు దగ్గరపడ్డాయంటే అనంతపురం ఇంజినీరింగ్ పిల్లలు తిప్పి తిప్పి ఇదే అడుగుతారు: "సార్, పదంకెల నంబరిచ్చి ప్రైమా కాదా అంటే ఏ మెథడ్ రాయాల?"

ఒక్క సంఖ్యే అయితే భాగహారం చాలు. పదంకెల సంఖ్యకు వర్గమూలం లక్ష లోపే. లక్ష లోపు ప్రధాన సంఖ్యలు 9,592. అన్నిటితో భాగించినా కంప్యూటర్‌కు రెప్పపాటు పని, జవాబు మీద అనుమానమూ ఉండదు. చేత్తో చేసే కాలంలో గణితవేత్త ఆయిలర్‌కు ఆ సుఖం లేదు. 1772లో 2,14,74,83,647 ప్రధాన సంఖ్యేనని తేల్చడానికి, దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగలాలని చూపి, 46 వేల దాకా వెతకాల్సిన పనిని నాలుగు వందల లోపుకు దించాడు.

ఇరవై అంకెలకు వస్తే భాగహారం చేతులెత్తేస్తుంది. ఫెర్మా పరీక్షలో 2 లాంటి ఒక చిన్న సంఖ్యను (దాన్నే ఆధారం అంటారు) మన సంఖ్య కన్నా ఒకటి తక్కువ ఘాతానికి ఎత్తి, మన సంఖ్యతో భాగిస్తే 1 మిగలాలి. వేగమైనదే, కానీ 561 లాంటివి దాన్ని మోసం చేస్తాయి. 561 అంటే 3×11×17. అయినా వీటితో భాగింపబడని ఏ ఆధారం తీసుకున్నా పాసైపోతుంది. కాబట్టి దాన్ని ఒంటరిగా నమ్మొద్దు.

నా ఓటు ఫెర్మా పరీక్షకే పదును పెట్టిన మిల్లర్-రాబిన్ పరీక్షకే. అదే 561ని చూడండి. 560లోంచి 2లన్నీ తీసేస్తే 35 మిగులుతుంది. 2ను 35వ ఘాతానికి ఎత్తి, వర్గం చేసుకుంటూ పోతే 561తో భాగించిన శేషాలు వరుసగా 263, 166, 67, 1. నిజమైన ప్రధాన సంఖ్యకైతే తొలిసారి 1 వచ్చే ముందు 560, అంటే ఆ సంఖ్య కన్నా ఒకటి తక్కువ, ఉండాలి. ఇక్కడ 67 ఉంది. దొంగ దొరికిపోయాడు.

"అది సంభావ్యత మీద నడిచేది కదా, గ్యారంటీ ఏది?" అని వెంటనే అంటారు. అసలు తేల్చుకోవాల్సింది ఇదే. ఆధారాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుంటే, ప్రధానం కాని బేసి సంఖ్య ఒక్కోసారి తప్పించుకునే అవకాశం నాలుగో వంతుకు మించదు. ఇరవైసార్లు చేస్తే లక్ష కోట్లలో ఒక వంతు కన్నా తక్కువ. అదీ వద్దనుకుంటే 2, 3, 5, 7, 11 అనే అయిదు ఆధారాలే వాడండి. రెండు లక్షల కోట్ల దాకా ఈ అయిదింటినీ దాటిన దొంగ ఒక్కటీ లేదని లెక్క తేలిపోయింది. మీ ఫోన్ నంబరు అందులోకే వస్తుంది. 37 దాకా ఉన్న పన్నెండు ప్రధాన సంఖ్యలు పెట్టుకుంటే 64 బిట్ల సంఖ్యలన్నిటికీ సరిపోతుంది. అక్కడ ఇది అంచనా కాదు, రుజువే.

ఏ సంఖ్యనైనా సంభావ్యత లేకుండా కచ్చితంగా తేల్చే ఏకేఎస్ పరీక్ష 2002లో ఐఐటీ కాన్పూర్ నుంచి వచ్చింది, మనకు గర్వకారణం, కానీ కోడ్‌లో నిదానం. లూకాస్-లెమర్ పరీక్ష 2 ఘాతంలోంచి 1 తీసేసిన మెర్సెన్ సంఖ్యలకే పనికొస్తుంది. 2024లో దొరికిన 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్యను చివరికి ఖాయం చేసింది అదే. పరీక్ష హాల్లో మీకు దాని అవసరం రాదు.

చాలామంది కోడ్ తప్పేది పద్ధతి దగ్గర కాదు, వర్గం చేసే దగ్గర. పదంకెల సంఖ్య వర్గం 64 బిట్లు దాటిపోవచ్చు. సీ ప్లస్ ప్లస్‌లో 128 బిట్ల రకం వాడండి. పైథాన్‌లో ఆ టెన్షన్ లేదు, పౌ ఫంక్షన్‌కు మూడో విలువగా ఆ సంఖ్యనే ఇస్తే చాలు.