సౌండర్స్ మ్యాచ్: గోల్ వెనకా, పక్క స్టాండా?

సియాటిల్‌లో ఉంటూ ఈమధ్యే సాకర్ మీద ఇష్టం పెంచుకున్నవాళ్లకు మొదటి టికెట్ దగ్గరే సందేహం వస్తుంది. ఇక్కడి సాకర్ జట్టు సౌండర్స్ ఆడే ల్యూమెన్ ఫీల్డ్ స్టేడియంలో దక్షిణం వైపు గోల్ వెనక అభిమాన సంఘాలతో నిలబడాలా, పక్క స్టాండ్‌లో కూర్చోవాలా?

ఖర్చు: గోల్ వెనక మామూలుగా చవక. పక్క స్టాండ్‌లో మధ్యగీత దగ్గర సీటంటే జేబుకు బరువే.

శ్రమ: గోల్ వెనక 90 నిమిషాలూ నిలబడాలి, గొంతు కలపాలి. పాటలు రావని టెన్షన్ వద్దు, పక్కవాళ్లను చూస్తే పావుగంటలో వచ్చేస్తాయి. మ్యాచ్‌కు ముందు ఆక్సిడెంటల్ స్క్వేర్ నుంచి స్టేడియానికి సాగే అభిమానుల ఊరేగింపులో కలిసి వెళ్తే ఇంకా తేలిక. పక్క స్టాండ్‌కు ఇవేవీ అక్కర్లేదు.

ఆట కనబడటం: అసలు తేడా ఇక్కడే. ముందు వరుసలో పెద్ద జెండా ఊగుతుంటే, అవతలి చివర పడ్డ గోల్ మనకు అరుపుల్లోనే తెలుస్తుంది. పక్క నుంచి చూస్తే డిఫెండర్ల వరస ఒక్కసారిగా ముందుకు జరగడం, వాళ్ల వెనక ఫార్వర్డ్ చిక్కుకుపోవడం, లైన్స్‌మన్ జెండా లేవడం అన్నీ కళ్ల ముందే. నాకు ఆఫ్‌సైడ్ (బంతి అందించే క్షణానికే ఫార్వర్డ్ డిఫెండర్ల వరస దాటి ఉండే తప్పు) అర్థమైంది అలాగే.

ఇబ్బంది: గోల్ వెనక పొగ, డప్పుల హోరు. పసిపిల్లలతో వద్దు.

ఆట నేర్చుకోవాలన్నా, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లాలన్నా పక్క స్టాండే. ఒంటరిగా ఈ ఊరికి కొత్తగా వచ్చి స్నేహితుల కోసం చూస్తుంటే మాత్రం, ఆకుపచ్చ స్కార్ఫ్ కొనుక్కుని నేరుగా గోల్ వెనక్కి వెళ్లండి.