ర్యాంపుకు డబ్బు ఎవరిని అడగాలి: దాతనా, ఎంపీనా, పంచాయతీనా?

మా ఊరి కమ్యూనిటీ హాలుకు మూడు మెట్లు. పక్కనే ఒక దాత కట్టించిన ర్యాంపు ఉంది, ఆయన మంచి మనసుతోనే ఇచ్చాడు. కానీ ఆరడుగుల పొడవులోనే పైకి లేపేసి, మీద నున్నటి గ్రానైటు పరిచారు. పక్షవాతం వచ్చిన మా నాన్నను చక్రాల కుర్చీలో ఎక్కించబోతే ముందు చక్రాలు గాల్లోకి లేచి కుర్చీ వెనక్కి వాలింది, ఇద్దరం పట్టుకోబట్టి సరిపోయింది.

ర్యాంపు వాలు 1:12 ఉండాలి, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మెట్టుకు ఆరంగుళాల చొప్పున మూడు మెట్లంటే అడుగున్నర ఎత్తు, దానికి 18 అడుగుల పొడవు కావాలి. అంత చోటు లేకపోతే మలుపు తిప్పి కట్టాలి. అందుకే నేను ముందు చూసేది డబ్బు ఎంత వస్తుందని కాదు, ఆ డబ్బుతో పాటు టేపు పట్టుకుని కొలిచే మనిషి వస్తాడా, రేపు విరిగితే ఎవరిని అడగొచ్చు అని.

దాతల డబ్బుతో పని త్వరగా అవుతుంది. అమెరికాలో ఉన్న ఊరి పిల్లలు తలా కొంత వేస్తే నెలలో పని మొదలైపోతుంది, తీర్మానాలూ ఎస్టిమేట్లూ ఏమీ ఉండవు. చిక్కూ అక్కడే, కొలతలు మేస్త్రీ ఇష్టం. పైగా శిలాఫలకం పెట్టుకోగలిగిన పనికి ఇచ్చినంత సులువుగా బాత్రూం తలుపు వెడల్పు చేయడానికి ఎవరూ ఇవ్వరు, రెండేళ్లకు రెయిలింగ్ ఊడితే అదే దాత దగ్గరికి మళ్ళీ వెళ్ళలేం.

ఎంపీ నిధులు ఏటా 5 కోట్లు. ఎంపీ సిఫార్సు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం, కాబట్టి ఇంజనీరు లెక్క ఉంటుంది. కానీ మన దగ్గర ఒక్కో ఎంపీ పరిధిలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు, అందులో మన మూడు మెట్ల వంతు ఎప్పటికి వస్తుంది? కొత్త హాలు కట్టించుకోవాలనుకుంటే మాత్రం అడగండి, ర్యాంపు మొదటి ప్లాన్‌లోనే ఉండేలా చూసుకోండి. దగ్గర్లో పెద్ద ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళకు సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యతగా పెట్టే ఖర్చు) కూడా ఒక దారి: 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో 2 శాతం ఖర్చు పెట్టాలి, చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి.

నా ఓటు పంచాయతీకే. ఆలస్యం అవుతుంది, తిరగాలి, నిజమే. అయినా ఆర్థిక సంఘం గ్రాంటు ఏటా వచ్చేది. 2021-26 లెక్కలో 60 శాతం నీళ్ళకూ పారిశుద్ధ్యానికీ, మిగతా 40 శాతం జీతాలు తప్ప ఊరి అవసరాలకు. అంటే మరుగుదొడ్డి ఒక పద్దులో, ర్యాంపు ఇంకో పద్దులో అడగొచ్చు. ఇంకో సంగతి, దాతను బతిమాలుకోవాలి, పంచాయతీని హక్కుగా అడగొచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పాత ప్రభుత్వ భవనాలను సరిచేయడానికి ఐదేళ్ల గడువిచ్చింది, 2017 జూన్‌లో వచ్చిన రూల్స్ నుంచి లెక్కేస్తే అది 2022లోనే దాటిపోయింది. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్ళ నివేదిక చూశాక సుప్రీంకోర్టు 2024 నవంబరులో, భవనాలు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలనే ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి చేయాలని చెప్పింది.

ఒక్కటి మాత్రం మనసును కలచివేస్తుంది. ఏ పనికి డబ్బు పెట్టాలో తేల్చే గ్రామసభ మా ఊళ్ళో ఆ హాల్లోనే జరుగుతుంది, ర్యాంపు ఎవరికి కావాలో వాళ్ళు కింద రోడ్డు మీదే ఆగిపోతారు. అందుకే ఈసారి సభ బడి ఆవరణలో పెట్టమని సర్పంచ్ గారిని అడిగాం, నాన్నే స్వయంగా అర్జీ ఇస్తానంటున్నారు. అర్జీలో 'ర్యాంపు కావాలి' అని రాసి ఊరుకోలేదు: 18 అడుగుల పొడవు, గరుకు గచ్చు, రెండు పక్కలా రెయిలింగ్, 90 సెంటీమీటర్ల తలుపు అని రాశాం. బిల్లు పెట్టే ముందు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు ఎం-బుక్‌లో, అంటే పని కొలతల పుస్తకంలో, ఎక్కించే కొలతలు కూడా ఇవే కావాలి.