టర్బో మియాటాలో ఆరు గేర్ల గేర్‌బాక్సు: ఆరేళ్లు వాడిన తరువాత

టెక్సాస్‌లోని క్రెసన్ ట్రాక్‌లో ఒక మలుపు దాటి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కగానే, కింద రాళ్లు దొర్లినట్టు చప్పుడు వచ్చింది. ఇంటికి చేర్చి గేర్ ఆయిల్ వంపితే దానితోపాటు మూడో గేరు పళ్లు పడ్డాయి. తప్పు గేర్‌బాక్సుది కాదు, పూర్తిగా నాదే. నాది 1999 మాజ్దా మియాటా, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. దాని 1.8 లీటర్ల ఇంజిను ఇచ్చేది 140 హార్స్‌పవర్, సుమారు 160 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. నేను టర్బో (ఇంజినులోకి ఎక్కువ గాలి నెట్టే పరికరం) బిగించి, చక్రాల దగ్గరే 290 న్యూటన్ మీటర్లు రాబట్టాను. గేర్‌బాక్సు గురించి మాత్రం ఆలోచించలేదు.

మూడో గేరే ఎందుకు పోయిందో విప్పి చూశాక అర్థమైంది. ఒకటి, రెండు గేర్లలో టార్క్ మితిమీరితే టైర్లు జారతాయి, దెబ్బ అక్కడితో తగ్గిపోతుంది. పాత అయిదు గేర్ల గేర్‌బాక్సులో నాలుగోది 1:1 (ఇంజిను ఒక చుట్టు తిరిగితే బయటి షాఫ్టూ ఒక చుట్టే), అంటే బలం ప్రధాన షాఫ్టు పక్కనుండే కౌంటర్ షాఫ్టు మీద పడకుండా నేరుగా వెనక చక్రాల వైపు పోతుంది. మూడో గేరులో టైర్లు పట్టు వదలవు, బలమంతా కౌంటర్ షాఫ్టు దాటి వెళ్లాలి. ఆ ఒత్తిడికి షాఫ్టులు రెండూ కొద్దిగా దూరం జరుగుతాయి. పళ్లు నిండుగా కలవవు, భారం అంచుల మీద పడి విరుగుతాయి.

మామూలు ఏటవాలు పళ్ల గేర్లకు బదులు నిటారు పళ్ల గేర్లు వేయించవచ్చు. అవి గట్టివే, కానీ ఖరీదెక్కువ, రోజంతా కూత పెడతాయి. ఆఫీసుకు వెళ్లే కారులో ఆ మోత నాకు వద్దు. అందుకే తరువాతి మియాటాల్లో వచ్చిన, ఐసిన్ అనే జపాన్ కంపెనీ చేసిన ఆరు గేర్ల గేర్‌బాక్సు పాతది కొన్నాను. నిస్సాన్ సిల్వియా ఎస్15లోనూ ఈ కుటుంబానిదే ఉంది. 2004, 2005లలో మాజ్దా కంపెనీయే 178 హార్స్‌పవర్‌తో టర్బో మియాటా అమ్మినప్పుడు ఆరు గేర్లదే వాడింది. నాకు ధైర్యమిచ్చింది అదే.

దీనితోపాటు ఫైనల్ డ్రైవ్, అంటే వెనక చక్రాల మధ్య ఉండే చివరి గేర్ల జత, మార్చడం తప్పనిసరి. నా పాత 4.3 నిష్పత్తిదాన్ని అలాగే ఉంచితే 3.76 నిష్పత్తి ఉన్న ఒకటో గేరు కారు కదిలేలోపే అయిపోతుంది. 3.909 వేశాక ట్రాఫిక్‌లో హాయిగా ఉంది, హైవే మీద ఇంజిను వేగం మునుపటికన్నా కాస్త తగ్గింది కూడా.

అందరికీ గట్టిగా చెప్పాలనుకునేది క్లచ్ గురించి. మొదట ఒక వర్క్‌షాపు వారు స్ప్రింగులు లేని, లోహపు ముక్కలు అతికించిన క్లచ్ ప్లేట్ వేశారు. అది జారదు, నిజమే. కానీ జారకపోవడం వల్లే ప్రతి గేరు మార్పూ సుత్తి దెబ్బలా పళ్లకు తగులుతుంది. నాలుగు నెలలకే తీయించి, మధ్యలో కుదుపును మింగే స్ప్రింగులున్న మామూలు ప్లేట్‌కు, దాన్ని నొక్కి పట్టే బలమైన ప్రెషర్ ప్లేట్ జత చేశాను. పెడల్ బరువెక్కింది, అంతే. దానితోపాటు 4,000 ఆర్‌పీఎం దాటాకే బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పూర్తిగా వచ్చేలా ఈసీయూను, అంటే ఇంజినును నడిపే కంప్యూటర్‌ను, సరిచేయించాను. పై వేగంలో హార్స్‌పవర్ తగ్గలేదు, కింద టార్క్ ఒక్కసారిగా ఎగదన్నడం ఆగింది. గేర్‌బాక్సును విరిచేది హార్స్‌పవర్ కాదు, ఆ కుదుపే.

గేర్ ఆయిల్ విషయంలో జీఎల్-4 రకం, 75డబ్ల్యు-90 చిక్కదనం ఉన్నది తప్ప వేరేది పోయను. చాలా జీఎల్-5 ఆయిళ్లలోని గంధకపు రసాయనాలు సింక్రో రింగుల (గేరు పడేముందు వేగాలు కలిపే రింగులు) ఇత్తడిని తినేస్తాయి. ట్రాక్‌కు వెళ్లే ఏడాదిలో రెండుసార్లు మారుస్తాను.

చలికాలపు ఉదయాల్లో ఆయిల్ వేడెక్కేదాకా రెండో గేరులోకి నెమ్మదిగా వేయాలి, తొందరపడితే లివర్ ఎదురుతిరుగుతుంది. మొత్తం మీద 3 వేల డాలర్లు దాటింది. ఆరేళ్లలో 60 వేల కిలోమీటర్లు, అందులో పాతిక దాకా ట్రాక్ రోజులు. మొన్న ఆయిల్ మార్చినప్పుడు డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి సన్నటి బూడిదరంగు ముద్ద మాత్రమే అంటుకుని ఉంది. ఒక్క ముక్క కూడా లేదు.