చిన్న పడవకు 4000 సైజు స్పిన్నింగ్ రీలు: బలం ఎక్కడ, లోపం ఎక్కడ

చిన్న పడవ మీంచి సముద్రంలో రోజంతా గాలం వేయడానికి 4000 సైజు (మధ్యరకం) స్పిన్నింగ్ రీలు, అంటే గాలం కర్రకు బిగించి దారం చుట్టే సాధనం, చక్కగా సరిపోతుంది. రెండు మూడు కిలోల చేపలకు బలం చాలు, సాయంత్రానికి మణికట్టు లాగేయదు. 20 పౌండ్ల బలమున్న బ్రెయిడ్ లైను (అల్లిన గాలం దారం) చుట్టే ముందు స్పూలు (రీలులో దారం చుట్టుకునే భాగం) మీద పది చుట్లు నైలాన్ దారం వేయాలి. లేకపోతే లైను మొత్తం స్పూలు మీదే జారి తిరుగుతుంది, డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైనును బిగువుగా వదిలే బ్రేకు) పాడైందని పొరబడతారు. డ్రాగ్‌ను లైను బలంలో నాలుగో వంతుకు, అంటే సుమారు 2.3 కిలోలకు, స్ప్రింగ్ త్రాసుతో లాగి పెట్టండి. వేలితో చూసే అంచనా చాలాసార్లు తప్పుతుంది.

అసలు బలహీనత లైన్ రోలర్, అంటే లైను స్పూలు మీదికి వెళ్లే దారిలో దాన్ని మళ్లించే చక్రం. ఉప్పు పేరుకుంటే ఆ బుల్లి చక్రం తిరగదు. లైను ఒకేచోట ఒరుసుకుని నూగు లేస్తుంది, సరిగ్గా పెద్ద చేప పరుగు తీసినప్పుడే పుటుక్కుమంటుంది. ఎంత బాధో! ఒడ్డుకు రాగానే డ్రాగ్ బిగించి, మంచినీళ్లు సన్నగా చల్లి కడగండి. పైపు జోరుగా పెడితే ఉప్పు లోపలికే పోతుంది. ముంచడం వద్దేవద్దు. ఆరాక రోలర్‌లో ఒక్క చుక్క నూనె వేసి, డ్రాగ్ వదులు చేసి దాచండి.