సప్పోరోలో శీతకాలం: ముందుగా తేల్చుకోవలసింది బస

ఫిబ్రవరిలో జరిగే మంచు ఉత్సవం చూపించాలని అరవై ఎనిమిదేళ్ల మా అమ్మను జపాన్‌లోని సప్పోరో తీసుకువెళ్లాలనుకున్నప్పుడు, స్వెట్టర్ల గురించీ విమానాల గురించీ నెల రోజులు ఆలోచించాం గాని, బస మాత్రం అద్దె చూసి పది నిమిషాల్లో ఖాయం చేసేశాం. అక్కడ ఆ తొందర మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టింది. ఆ రోజుల్లో రాత్రిపూట ఉష్ణోగ్రత మైనస్ 6, 7 డిగ్రీలకు దిగుతుంది. అయినా ఒంటి మీద రెండు మూడు పొరల బట్టలుంటే చలిని తట్టుకోవచ్చు. అసలు కష్టమంతా కాలి కింద గడ్డకట్టిన మంచుతోనే.

మేం మొదట దిగింది నగరం నడిబొడ్డున ఉన్న సుసుకినో అనే పేటకు దక్షిణాన ఒక అపార్ట్‌మెంట్‌లో. మెట్రో నుంచి ఐదు నిమిషాల నడక అని ప్రకటనలో రాశారు. వేసవిలో అది నిజమే కావచ్చు. మేం చేరిన సాయంత్రం మాత్రం ఆ పక్కవీధిలో జనం తొక్కి తొక్కి నున్నబడిన మంచు గాజుపలకలా మెరుస్తోంది. రెండు పెట్టెలు లాక్కుంటూ, అమ్మ చెయ్యి వదలకుండా ఆ కాస్త దూరం నడవడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. తీరా చేరాక లిఫ్టు లేదని తెలిసింది. మూడో రోజు ఉదయం, మిగిలిన రెండు రాత్రుల అద్దె వదులుకుని, ఉత్సవం జరిగే ఓదోరి పార్కు పక్కనే ఉన్న హోటల్‌కు మారిపోయాం. ఉత్సవం రోజులు కావడంతో అక్కడ గదికి దాదాపు రెట్టింపు ధర చెల్లించాల్సి వచ్చింది.

ఆ తర్వాత అర్థమైంది, సప్పోరోలో చిరునామా చూస్తేనే దూరం తెలుస్తుందని. నగరం మధ్యభాగమంతా చదరంగం గళ్లలా కట్టిన వీధులు. ఓదోరి నుంచి ఉత్తర దక్షిణాలు, సోసెయి కాలువ నుంచి తూర్పు పడమరలు లెక్కపెడతారు. ‘దక్షిణం 2, పడమర 3’ అంటే ఓదోరికి దక్షిణంగా రెండు వీధులు, కాలువకు పడమరగా మూడు వీధుల అవతల అన్నమాట. అలాంటి చోట దిగితే భూగర్భ నడకదారి అందుబాటులో ఉంటుంది. 1971లో మెట్రోతోపాటు వచ్చిన పోల్ టౌన్ అనే నేల కింది బజారు, ఓదోరిని సుసుకినోతో కలుపుతుంది. 2011లో తెరిచిన చికాహో అనే భూగర్భ దారి, ఓదోరిని సప్పోరో రైల్వే స్టేషన్‌తో కలుపుతుంది. బయట మంచు ఎంత జోరుగా కురుస్తున్నా, ఈ చివర నుంచి ఆ చివరకు మామూలు చెప్పులతో నడిచివెళ్లవచ్చు. హోటల్ ఈ దారి మెట్లకు ఒకటి రెండు వీధుల లోపు ఉంటే చాలు, గది చిన్నదైనా ఫర్వాలేదని ఇప్పుడు ఎవరు అడిగినా చెబుతున్నాను.

నేల మీద నడవక తప్పని చోట, బూట్లకు తొడిగే మేకుల పట్టీలు కొనుక్కోవాలి; అవి ఆ ఊళ్లోనే దుకాణాల్లో దొరుకుతాయి. కూడళ్లలో ఇసుక పొట్లాలు పెట్టిన పెట్టెలు కనిపిస్తాయి. ఒకచోట అమ్మ రోడ్డు దాటడానికి జంకుతుంటే, ఆమె ఈడు జపాన్ ఆవిడ ఒకరు ఆ పెట్టె తెరిచి, ఒక పొట్లం విప్పి, మేం అడుగు వేయబోయే చోట ముగ్గు పోసినంత ఒద్దికగా ఇసుక చల్లి, తల వంచి తన దారిన వెళ్లిపోయారు. అమ్మ ఇప్పటికీ ఉత్సవం కంటే ముందు ఆ సంగతే చెబుతుంది.

ఉత్సవం మాత్రం తప్పక చూడదగ్గది. 1950లో స్థానిక విద్యార్థులు ఓదోరిలో ఆరు మంచుబొమ్మలు చేయడంతో మొదలైన ఈ వేడుకలో ఇప్పుడు మేడల ఎత్తు శిల్పాలు నిలుస్తున్నాయి. సాయంత్రం ఐదుకల్లా చీకటి పడి దీపాలు వెలుగుతాయి. అప్పుడు గంటసేపు చూసి, వెంటనే కిందికి దిగిపోవడం పెద్దవాళ్లకు మేలు. సుసుకినోలోని మంచుగడ్డ శిల్పాలు పగలు కంటే రాత్రే బాగుంటాయి.

జోజాంకెయి వేడినీటి ఊటలకు బస్సులో గంటకు పైగా పడుతుంది. ఒక రాత్రి ఉంటేనే ఆ ప్రయాణానికి అర్థం. సముద్రతీర పట్టణం ఒతారుకు రైలులో ముప్పావు గంట లోపే. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చుంటే పట్టాల పక్కనే సముద్రం కనిపిస్తుంది.

శాకాహారులకు భోజనం కష్టమే. సూప్ కర్రీకి పుట్టిల్లు సప్పోరో. పలచని కూరలో అన్నం ముంచుకుని తినే ఆ పద్ధతి చారన్నానికి అలవాటుపడిన మనకు వెంటనే నచ్చుతుంది. అయితే కూరగాయల సూప్ కర్రీ అన్నా, దానికి వాడే రసం సాధారణంగా కోడి ఎముకలతోనో ఎండు చేపతోనో కాచినదే. అడగకుండా తినకూడదు. అమ్మకు దుకాణంలో వేడిచేసి ఇచ్చే అన్నం పొట్లాలు, మేం తీసుకెళ్లిన కందిపొడి, చింతకాయ పచ్చడే ఆధారమయ్యాయి.

తిరుగు ప్రయాణానికి కూడా ఒక రోజు చేతిలో ఉంచుకోవాలి. టోక్యో నుంచి బుల్లెట్ రైలు ఇప్పటికి షిన్-హకోదాతె-హొకుతో స్టేషన్ వరకే ఉంది. అక్కడి నుంచి సప్పోరోకు ఇంకో మూడున్నర గంటలు. అందుకే చాలామంది టోక్యో నుంచి విమానంలోనే వస్తారు. మంచు ఎక్కువైతే ఆ విమానాలు ఆగిపోతాయి. మేం సప్పోరో నుంచి టోక్యో చేరిన మర్నాటికే భారత్ విమానం పెట్టుకున్నాం, మధ్యలో ఆ ఒక్క రాత్రే మిగిలింది. మళ్లీ వెళ్తే రెండు రాత్రులు ఉంచుకుంటాను.