పొగతోట కేన్సర్ క్లినిక్: కోతా, స్కానా అన్న మా ప్రశ్నకు దొరికిన జవాబు

కందుకూరులో ఉండే మా పెద్దక్కకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ అని బయాప్సీలో తేలాక, నెల్లూరు పొగతోటలోని ఒక క్లినిక్‌లో చూపించాము. మెచ్చుకోవలసిన విషయంతో పాటు ఫిర్యాదు కూడా ఉన్నందున క్లినిక్ పేరు రాయడం లేదు.

ఎమ్మారైలో గడ్డ 5 సెంటీమీటర్లు ఉందని, పక్క కణజాలంలోకి పాకిందని వచ్చింది. చేతి పరీక్ష మీదే ప్రధానంగా ఆధారపడిన పాత లెక్కలో ఇది 2బి దశ. 2018లో ఫిగో అనే అంతర్జాతీయ స్త్రీవైద్యుల సంస్థ ఆ లెక్కను మార్చి, లింఫ్ గ్రంథులకు వ్యాధి సోకితే 3సి అనాలని, అది స్కాన్‌లో తెలిస్తే పక్కన ‘ఆర్’ అని, గ్రంథిని తీసి పరీక్షిస్తే తెలిసినప్పుడు ‘పి’ అని రాయాలని చెప్పింది. అక్కకు పెట్ సీటీలో (వ్యాధి ఉన్న చోటు వెలిగి కనిపించే స్కాన్) కటి భాగంలో రెండు గ్రంథులు వెలిగాయి. వాటిలో ఒకటి, గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం బృహద్ధమని రెండు పాయలుగా చీలే చోటికి కాస్త కిందనే ఉంది. ఆ పైన ఏమీ కనిపించలేదు. ఈ రిపోర్టులు చూసిన మరొక ఊరి సర్జన్ ఒకరు, రేడియేషన్‌కు ముందు ల్యాపరోస్కోపీతో బృహద్ధమని వెంట ఉండే పై గ్రంథులు తీసి పరీక్షించడం మంచిదన్నారు. మేము ఎటూ తేల్చుకోలేకపోయాము.

ఇక్కడి డాక్టరమ్మ ఆ ప్రశ్నను కొట్టిపారేయలేదు. చీటీ వెనక్కి తిప్పి, నిలువుగా ఒక గీత గీసి, బొడ్డు దగ్గర దాన్ని రెండుగా చీల్చి, అటూ ఇటూ చుక్కలు పెట్టారు. “అమ్మా, రేడియేషన్ ఎక్కడిదాకా ఇవ్వాలో ఈ పై చుక్కలే చెబుతాయి. పొలానికి గట్టు ఎక్కడ వేయాలన్నట్టే” అన్నారు. వరి పండించే ఇంట్లో పుట్టిన అక్కకు అది వెంటనే అర్థమైంది.

పెట్ సీటీ అయిదు మిల్లీమీటర్ల లోపు వ్యాధిని తరచుగా పట్టుకోలేదని ఆమె ముందే ఒప్పుకున్నారు. పైన ఏమీ లేదని పెట్ చెప్పిన 237 మందికి ఆపరేషన్ చేసి చూస్తే 12 శాతం మందిలో వ్యాధి బయటపడిందని 2013లో వచ్చిన ఒక అధ్యయనాన్ని చెప్పి, కింది గ్రంథులు వెలిగినవారిలో ఈ ముప్పు ఇంకా ఎక్కువని కూడా దాచలేదు. అయితే జర్మనీలో జరిగిన యుటెరస్-11 అనే వైద్య పరీక్షలో ఆపరేషన్ చేసి చూస్తే దాదాపు మూడో వంతు మందికి దశ అనుకున్నదానికంటే ఎక్కువని తేలినా, వ్యాధి తిరగబెట్టకుండా గడిచిన కాలంలో ఆపరేషన్ చేసినవారికీ స్కాన్ మీదే ఆధారపడినవారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదట. అంతకుముందు తైవాన్‌లో జరిగిన చిన్న పరీక్షలో ఆపరేషన్ చేయించుకున్నవారి ఫలితాలే తక్కువగా ఉన్నాయట. కోత తర్వాత పేగులు అతుక్కుంటే రేడియేషన్ దెబ్బ పెరుగుతుంది, గాయం మానేదాకా చికిత్స ఆగుతుంది. బయటి రేడియేషన్, వారానికోసారి సిస్ప్లాటిన్ అనే కీమో మందు, చివర బ్రాకీథెరపీ (లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్) అన్నీ ఎనిమిది వారాల్లో ముగియాలంటే ఆ ఆలస్యం మంచిది కాదన్నది ఆమె వాదన. వెలిగిన గ్రంథి అంత పైన ఉంది కాబట్టి, కోయకుండానే రేడియేషన్ హద్దును మూత్రపిండాల రక్తనాళాల దాకా జరుపుతామన్నారు. ఆ సర్జన్ సలహా తప్పని మాత్రం ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ఈ మాటలకు దాదాపు అరగంట పట్టింది. బయట జనం బెంచీల మీద కిక్కిరిసి ఉండగా ఇచ్చిన అరగంట అది.

ఇక ఫిర్యాదు. పెట్‌కు వాడే మందు గ్లూకోజ్ లాంటిది కనుక రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే గడ్డ దాన్ని సరిగా పీల్చుకోదు. అక్కకు మధుమేహం ఉందని కేసు షీటులో రాసుకున్నా, ఆరు గంటలు ఏమీ తినవద్దని తప్ప మాత్రల సంగతి ఎవరూ చెప్పలేదు. పరగడుపున మాత్ర వేసుకోకూడదనుకుని అక్క రెండు రోజులు మానేసింది. రాత్రికి రాత్రి చెన్నై చేరుకుని పొద్దున్నే సెంటర్‌లో కూర్చుంటే, వేలు గుచ్చి చూసి, చక్కెర 260 ఉందని తిప్పి పంపారు. మళ్లీ తేదీ దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఎనిమిది వారాల లెక్క అంత ఓపికగా చెప్పిన చోట, ఈ తొమ్మిది రోజులను కాపాడే ఒక్క వాక్యం కౌంటర్‌లో ఇచ్చే కాగితం మీద లేదు. ఆ మాట డాక్టరమ్మతో చెబితే క్షమించమన్నారు. రెండోసారి వెళ్లేముందు మాత్రల వేళలు తానే రాసిచ్చారు.

వెళ్లేవారు ఎమ్మారై రిపోర్టుతో పాటు సీడీ కూడా తీసుకెళ్లండి. ఆమె రిపోర్టు పక్కన పెట్టి ముందు బొమ్మలే చూస్తారు.