షుగర్, బీపీకి ఏది మేలు: దగ్గరి క్లినిక్కా, పెద్దాసుపత్రా?

షుగర్, బీపీ ఉన్న ఇళ్లలోవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: చిన్న క్లినిక్‌లో చూపిస్తే సరిపోతుందా, స్పెషలిస్టు దగ్గరికే వెళ్లాలా? మా అమ్మకు రెండూ ఉన్నాయి. పోయిన ఏడాది పెద్దాసుపత్రి మానిపించి దగ్గరి క్లినిక్‌కు మార్చాం.

మందుల విషయంలో పెద్ద తేడా లేదు. మామూలు టైప్ 2 షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ లాంటివి ఎవరు రాసినా అవే. ఏ మందుతో మొదలుపెట్టాలి, బీపీ దిగకపోతే ఏది కలపాలి అన్నది ముందే రాసిపెట్టుకుంటే చిన్న క్లినిక్‌లోనే వైద్యం నడపొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తెచ్చిన హార్ట్స్ విధానం చెబుతోంది.

నా లెక్కలో అసలు తేల్చేది వేరే ఉంది. మనిషి మందు మానేస్తే అడిగేవాళ్లు ఎవరు? అదే సంస్థ 2023 నివేదిక ప్రకారం బీపీ ఉన్న పెద్దల్లో అది అదుపులో ఉన్నది దాదాపు ఐదుగురిలో ఒక్కరికే. కొందరికి జబ్బు ఉన్నట్టే తెలియదు, కొందరు మధ్యలో ఆపేస్తారు, ఇంకొందరికి డోసు పెంచాల్సిన రోజున ఎవరూ పెంచరు. ఒంట్లో బాధేమీ తెలియదు కాబట్టి మానేసినా భయం వేయదు. పెద్దాసుపత్రిలో అమ్మకు పోయినప్పుడల్లా కొత్త డాక్టరే. రోజంతా పోతోందని రెండు నెలలు మందే మానేసింది, మాకూ చెప్పలేదు. ఇప్పుడు తేదీ దాటితే క్లినిక్ నర్సు ఫోన్ చేస్తుంది.

అలాగని ప్రతి క్లినిక్కూ పనికొస్తుందని కాదు. పరగడుపు షుగర్ ఒక్కటి చూసి పాత చీటీయే తిరగరాసేచోట ఉండొద్దు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేతికి సరిపడే పట్టీతో బీపీ చూడాలి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించాలి. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి ఏడాదికోసారైనా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూడాలి, చెప్పులు విప్పించి పాదాలు పరీక్షించాలి. మందులు నిండుకోకుండా ఉండాలి.

టైప్ 1 షుగర్, గర్భిణులు, మూడు రకాల మందులకూ దిగని బీపీ, పాడవుతున్న కిడ్నీ, మానని కాలి పుండు ఉంటే మాత్రం ఆలోచించకుండా స్పెషలిస్టు దగ్గరికే వెళ్లాలి. మంచి క్లినిక్ డాక్టరైతే తనే పంపిస్తారు.

ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడటం రిపోర్టులు చూపించడానికి బాగానే ఉంటుంది, పాదాలు చూడటానికి కుదరదు. మందుల షాపులో పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి కొనుక్కోవడం మాత్రం వద్దు.

అమ్మ కంటి రెటీనా పరీక్షకు క్లినిక్‌లో మెషీన్ లేదు. దానికి మాత్రం ఏడాదికోసారి పెద్దాసుపత్రికే తీసుకెళ్తున్నాం.